తమ్ముడికి మూలకణాలు ఇచ్చాను: దాత వైపు నుంచి నా అనుభవం

ఫిబ్రవరి 12న నా చేతి నుంచి రెండు చిన్న గొట్టాల రక్తం తీసుకున్నారు. ఆగస్టు 26న తమ్ముడి సైక్లోస్పోరిన్ (నా కణాలు వాడి ఒంటి మీద తిరగబడకుండా అణచి ఉంచే మందు) మోతాదు మొదటిసారి తగ్గించారు. ఈ రెండు తేదీల మధ్య జరిగింది రాస్తున్నాను. మూలకణాల, అంటే ఎముక మజ్జలో రక్తాన్ని పుట్టించే కణాల, మార్పిడి చేయించుకున్నవాళ్ల అనుభవాలు వెతికితే దొరుకుతాయి. దాత మాట వచ్చేసరికి మాత్రం "నాలుగు గంటలు పడుకుంటే అయిపోతుంది" అన్న ఒక్క వాక్యమే వినిపిస్తుంది. నాకూ అదే చెప్పారు. నాలుగు గంటల సంగతి నిజమే. అయిపోతుందన్నదే నిజం కాదు.

తమ్ముడికి జబ్బు బయటపడింది జనవరి 9న. పది రోజులుగా తగ్గని జ్వరం, పళ్లు తోముకుంటే ఆగని రక్తం. అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అన్నారు, ఒక రకం రక్త క్యాన్సర్. ఆ రాత్రే ప్లేట్‌లెట్లు కావాలంటే నేను చెయ్యి చాపాను. డాక్టరు గారు వద్దన్నారు. తోబుట్టువులెవరూ రక్తం గానీ ప్లేట్‌లెట్లు గానీ ఇవ్వకూడదట. ముందే మా కణాలు అతని ఒంట్లోకి వెళ్తే అతని శరీరం వాటి మీద పగబట్టడం నేర్చుకుంటుంది, రేపు మూలకణాలు ఇవ్వాల్సి వస్తే అది అడ్డం పడుతుంది. అప్పటికి మార్పిడి అన్న మాటే మా ఇంట్లో ఎవరూ వినలేదు. ఆవిడ మాత్రం మొదటి రాత్రే అంత దూరం ఆలోచించారు. ఇలాంటి పరిస్థితిలో ఎవరైనా ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఆత్రం కొద్దీ ఇంట్లోవాళ్లే ముందుకు రావద్దు, బయటి దాతలను వెతకండి.

ఏడు రోజుల కీమో, ఆపైన మూడు వారాల ఎదురుచూపు. ఫిబ్రవరి మొదట్లో మజ్జ పరీక్షలో చెడ్డ కణాలు ఐదు శాతం లోపుకి వచ్చాయి. దాన్ని రెమిషన్ అంటారు. మేం ఊపిరి పీల్చుకుంటుండగానే డాక్టరు గారు అందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. తమ్ముడి ల్యుకేమియా కణాల్లో ఎఫ్‌ఎల్‌టీ3 అనే జన్యువులో మార్పు ఉంది, ఉత్త కీమోతో వదిలేస్తే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ, రెమిషన్‌లో ఉండగానే మూలకణ మార్పిడి చేయాలి. దానికి దాత కణాల మీది గుర్తులు రోగి గుర్తులతో కలవాలి, వాటిని హెచ్‌ఎల్‌ఏ అంటారు. ఆ గుర్తుల కోసం ఆవిడ కాగితం మీద రెండు గీతలు అమ్మకి, రెండు నాన్నకి గీశారు. ప్రతి బిడ్డకీ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. అచ్చంగా తమ్ముడికి వచ్చిన జతే ఇంకొకరికి రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. మేం ఇద్దరం ఉన్నాం, అన్నయ్య, నేను.

హెచ్‌ఎల్‌ఏ ఫలితానికి పదమూడు రోజులు పట్టింది. ఆ పదమూడు రోజులూ నాకు కలవాలనే ఉండేది. కలిస్తే ఏం చేస్తారో అన్న భయమూ ఉండేది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. ఫిబ్రవరి 25న ఫోన్ వచ్చింది. నా గుర్తులు పదికి పది కలిశాయి. అన్నయ్యవి సగం. అన్నయ్య ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు, తనేదో తప్పు చేసినట్టు. డాక్టరు గారు అది గమనించి, సగం కలిసినవాళ్లు పనికిరారనే రోజులు పోయాయని, మార్పిడి తర్వాత మూడో రోజు, నాలుగో రోజు సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి సగం జతతో కూడా చేస్తున్నారని చెప్పారు. "మీ చెల్లికి ఏదైనా అడ్డం వస్తే దాత మీరే. జలుబు కూడా రానివ్వకండి" అన్నారు. ఆ మాటతో అన్నయ్య మనిషయ్యాడు.

మార్చి 18న దాతగా నా పరీక్షలు. నన్ను చూసింది తమ్ముడి డాక్టరు కాదు, వేరే డాక్టరు. రోగి మేలు చూసే మనిషే దాత మేలు కూడా చూడకూడదన్నది నియమమట. ఇది నాకు తెలియదు. ఆయన తలుపు వేసి, నాతో వచ్చిన మావారిని బయట కూర్చోమన్నారు. తర్వాత అడిగారు: "మీకు ఇష్టమేనా? ఇష్టం లేకపోతే నాతో చెప్పండి. దాతగా సరిపోరని మాత్రమే బయటికి చెబుతాను. కారణం ఎవరికీ తెలియదు." జనవరి 9 నుంచి నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఇష్టమేనని చెప్పడానికి నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఆయన తొందరపెట్టలేదు.

ఆ గదిలోనే ఇంకో ప్రశ్న. ఎన్నిసార్లు గర్భం వచ్చింది? రెండు కాన్పులు, అంతకుముందు ఒకటి నిలవలేదు. పిల్లలు మగవాళ్లా, ఆడవాళ్లా? ఇద్దరూ మగపిల్లలే. ఎందుకడుగుతున్నారో అర్థం కాలేదు. మగబిడ్డను మోసిన తల్లి రక్షణ కణాలకు మగకణాల మీద ఉండే కొన్ని గుర్తులు పరిచయమవుతాయి. ఆ కణాలే ఒక మగవాడి ఒంట్లోకి వెళ్తే అతని అవయవాలను పరాయివిగా ఎంచే అవకాశం కొంత పెరుగుతుంది. జీవీహెచ్‌డీ అన్న మాట మొదటిసారి విన్నది అక్కడే. దాత కణాలు రోగి శరీరం మీద తిరగబడటం. "అయినా మీ జతే మేలని నిర్ణయించాం, తెలిసి ఉండాలని చెబుతున్నాను" అన్నారు. చెప్పడం మంచిదే. కానీ ఇంటికి వచ్చాక నా ఇద్దరు పిల్లలు నిద్రపోతుంటే వాళ్లను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ఖర్చుల గురించి ఒక మాట. మార్పిడికి చెప్పిన మొత్తంలో దాత పరీక్షలు కలిసి ఉంటాయనుకున్నాం. కలిసి లేవు. హెచ్‌ఎల్‌ఏ పరీక్ష ముగ్గురికీ వేరే, నా వైరస్ పరీక్షలు వేరే, అవి సేకరణకు ముందు నెల రోజుల్లోపు చేసినవే చెల్లుతాయి కాబట్టి ఒకసారి చేసినవే మళ్లీ చేయించాల్సి వచ్చింది. సెలవులు నావి పదకొండు రోజులు, మావారివి ఆరు. అన్నిటికన్నా ఎక్కువ భారమైంది వసతి. డిశ్చార్జ్ అయ్యాక కూడా వందో రోజు దాకా ఆసుపత్రికి దగ్గరలో ఉండాలి, పక్కన ఒక మనిషి ఇరవై నాలుగు గంటలూ ఉండాలి. అది లెక్కలో ముందే వేసుకోండి.

ఏప్రిల్ 5న తమ్ముడికి ఫ్లుడారబైన్, బుసల్ఫాన్ అనే కీమో మందులు మొదలయ్యాయి. మార్పిడి రోజును సున్నా అనుకుని రోజులను వెనక్కి లెక్కపెడతారు, మైనస్ ఆరు, మైనస్ ఐదు అని. ఆ మందులు అతని మజ్జను ఖాళీ చేసేస్తాయి. ఆ తర్వాత నా కణాలు అందకపోతే అతను బతకడం కష్టం. సంతకం పెట్టించుకునే ముందు ఆ సంగతి నాకు స్పష్టంగా చెప్పారు. ఆ ఆరు రోజులూ నేను రోడ్డు దాటడానికి కూడా భయపడ్డాను. ఎవరైనా తుమ్మితే గదిలోంచి వెళ్లిపోయేదాన్ని.

ఏప్రిల్ 7న నా ఇంజెక్షన్లు మొదలు. జీసీఎస్ఎఫ్ అంటారు. మజ్జలో ఉండే మూలకణాలను రక్తంలోకి తరిమే మందు. కిలో బరువుకి పది మైక్రోగ్రాముల చొప్పున, నాకు రోజూ రెండు సూదులు, పొట్ట మీద. మొదటి రోజు ఏమీ తెలియలేదు. రెండో రోజు సాయంత్రానికి నడుము. మూడో రోజు తుంటి, తొడ ఎముకలు, ఛాతీ మధ్య ఎముక. దాని తీరు కండరాల నొప్పిలా ఉండదు. ఎముక లోపల ఎవరో నిలబడి గోడలు నెడుతున్నట్టుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా నడుములో కూడా కొట్టుకునేది. పారాసిటమాల్ వేసుకోమన్నారు, ఆస్పిరిన్ ముట్టుకోవద్దన్నారు. ప్లీహం ఉబ్బుతుంది కాబట్టి బరువులెత్తవద్దని, పిల్లలు పొట్ట మీదికి దూకకుండా చూసుకోమని కూడా చెప్పారు. నాలుగో రాత్రి నిద్ర లేదు. పడుకుంటే నొప్పి, కూర్చుంటే నొప్పి. నెమ్మదిగా నడిస్తేనే కాస్త నయం.

నాలుగో రోజు రక్తపరీక్షలో తెల్లకణాలు 48,000 వచ్చాయి. మందు పనిచేస్తోందనడానికి అది గుర్తు, కంగారేమీ లేదు. కానీ ఆ అంకె ఎర్రగా అచ్చయి, పక్కన హెచ్చరిక గుర్తుతో ఉంది. జనవరి 9న తమ్ముడి రిపోర్టు కూడా అచ్చం ఇలాగే ఉంది. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. మావారికి కూడా చూపించలేదు.

ఏప్రిల్ 11 ఉదయం సేకరణ. ఒక చేతిలోంచి రక్తం యంత్రంలోకి వెళ్తుంది, అది తిప్పి మూలకణాలున్న పొరను వేరు చేసి, మిగతాది రెండో చేతిలోకి పంపిస్తుంది. రక్తం వెళ్లే చేతిలో సూది లావుగా, గట్టిగా ఉంటుంది, మోచెయ్యి అస్సలు వంచకూడదు. నాలుగున్నర గంటలు. ముక్కు దురదపెడితే ఇంకొకరు గోకాలి. మధ్యలో బాత్రూముకి లేవడం కుదరదు. ఉదయం నీళ్లు బాగా తాగమన్న నర్సే ఆ సంగతి ముందు చెప్పి ఉంటే బాగుండేది. గంట గడిచాక పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ ఒంట్లో కాల్షియాన్ని పట్టేస్తుందట. చెప్పగానే కాల్షియం ఇచ్చారు, పది నిమిషాల్లో తగ్గింది. ఓర్చుకుందామని ఊరుకోవద్దు, మొదటి చీమ పాకగానే చెప్పండి.

మధ్యాహ్నం తమ్ముడి డాక్టరు గారు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. ముప్పై ఏళ్లకు పైగా ఆవిడ పని అంతా ల్యుకేమియా, మార్పిడి. తన పరిశోధన కోసం నా నుంచి రెండు గొట్టాలు ఎక్కువ తీసుకుంటానని, ఇష్టం లేకపోతే వద్దనొచ్చని ముందే పత్రం ఇచ్చారు. నేను కదల్లేను, ఆవిడకి కాస్త తీరిక దొరికింది. అడిగాను, "మొట్టమొదట ఇచ్చినవాళ్లు ఎవరండీ?"

ఆవిడ ముఖం మారిపోయింది. అందరూ మొదట బతికిన రోగి గురించి అడుగుతారని, దాత గురించి ఎవరూ అడగరని అన్నారు. మొట్టమొదటివాళ్లు కాకపోయినా, తొలి దాతల్లో కొందరి కథ చెప్పారు. 1958లో యుగోస్లావియాలో బెల్‌గ్రేడ్ దగ్గర వించా పరిశోధన కేంద్రంలో అణు రియాక్టర్ ప్రమాదం జరిగింది. రేడియేషన్ బారిన పడ్డవాళ్లను పారిస్ తీసుకెళ్లారు. అక్కడ జార్జ్ మాతే అనే డాక్టరు ఐదుగురికి మజ్జ ఎక్కించారు. ఆ మజ్జ ఇచ్చింది ఆ రోగులకు ఏమీ కాని ఫ్రెంచివాళ్లు. వాళ్లకు ఆ రోగుల భాష తెలియదు, ఇచ్చాక తమకేమవుతుందో డాక్టర్లకే సరిగ్గా తెలియని కాలం. ఐదుగురిలో నలుగురు బతికారు. దానికి ముందు ఏడాది అమెరికాలో డొనాల్ థామస్ అనే డాక్టరు ఆరుగురికి మజ్జ ఎక్కించి ఫలితాలు ప్రచురించారు, వాళ్లలో వంద రోజులు దాటినవాళ్లు ఎవరూ లేరు. ఆయన వదిలిపెట్టలేదు. 1977లో, ఇక ఏ మందూ పనిచేయని వందమంది ల్యుకేమియా రోగుల ఫలితాలు రాశారు. పదమూడు మంది నిలబడ్డారు. 1990లో ఆయనకు నోబెల్ వచ్చింది. "ఆ పదమూడు అన్న అంకె చూసే నేను ఈ పనిలోకి వచ్చాను" అన్నారావిడ. "అందరూ ఎనభై ఏడు చూసి వద్దన్నారు."

సాయంత్రం నాలుగుకి లెక్క వచ్చింది. తమ్ముడి బరువులో కిలోకి ఐదు మిలియన్ల సీడీ34 కణాలు (మూలకణాలను లెక్కపెట్టేది ఆ గుర్తుతోనే) కావాలనుకుంటే నావి 2.8 వచ్చాయి. నేను 52 కిలోలు, వాడు 78. లెక్కంతా వాడి బరువు మీదే. ఇది మామూలేనని, రెండో రోజు సేకరణ చాలామందికి అవసరమవుతుందని చెప్పారు. అయినా పరీక్షలో సగం మార్కులు వచ్చిన పిల్లలా బాధపడ్డాను. నా సంచీ చూపించమని అడిగాను. గులాబీకి, ఎరుపుకి మధ్య రంగు, మామూలు రక్తం కన్నా లేత. చేత్తో తాకితే గోరువెచ్చగా ఉంది. ఆ సాయంత్రం ఆరింటికి అది తమ్ముడికి ఎక్కింది. గాజు తలుపు ఇవతల నిలబడి చూశాను. ఆపరేషన్ లేదు, హడావిడి లేదు. రక్తం ఎక్కించినట్టే, నలభై నిమిషాలు. వాడు చెయ్యి ఊపాడు.

మర్నాడు ఇంకో డోసు, ఇంకో నాలుగు గంటలు. 2.3 వచ్చాయి. మొత్తం 5.1. నా ప్లేట్‌లెట్లు 92,000కి పడ్డాయి. రెండు వారాలు దెబ్బలు తగలకుండా చూసుకోమన్నారు. ఎముకల నొప్పి రెండో రోజుకే పోయింది, నీరసం మాత్రం పది రోజులు ఉంది.

తర్వాతి రెండు వారాలు నేను చేయగలిగింది ఏమీ లేదు, అదే కష్టం. ఏప్రిల్ 16 నుంచి వాడి నోరంతా పూసింది. ఉమ్మి కూడా మింగలేడు. మార్ఫిన్ మీద ఉన్నాడు. ఫోన్‌లో మెసేజ్ పెట్టేవాడు, రోజూ ఒకటే: "అక్కా, కణాలు వచ్చాయా?" వైద్యులని అడగడు, నన్నే అడుగుతాడు, నావే కదా అని. మరదలు రోజూ ఉదయం తొమ్మిదింటికి అంకె పంపేది. న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు, సున్నా. సున్నా. సున్నా. పదమూడో రోజు 80. పద్నాలుగో రోజు 60, తగ్గింది, ఆ రోజు నాకు ఆఫీసులో ఏ పనీ సాగలేదు. ఏప్రిల్ 27న 540. వరసగా మూడు రోజులు 500 పైన ఉంటేనే కణాలు కుదురుకున్నట్టు లెక్క. 28న 710, 29న 1,200. మూడు రోజులైతే గానీ చెప్పరు, చెప్పాక మాత్రం తేదీ మొదటి రోజుదే వేస్తారు. ప్లస్ పదహారు.

మే 6న డిశ్చార్జ్. మే 11న, ముప్పయ్యో రోజున, వాడి రక్తంలో ఎవరి కణాలున్నాయో చూశారు. మాది అక్కాతమ్ముళ్ల జత కాబట్టి పరీక్ష తేలిక. మగవాడి కణంలో ఎక్స్, వై ఉంటాయి, నా కణంలో రెండు ఎక్స్‌లు. 98 శాతం ఎక్స్‌ఎక్స్. ఆ కాగితం మాత్రం మడిచి దాచలేదు.

ఐదు రోజుల తర్వాత, మే 16న, వాడి అరచేతులు ఎర్రబడ్డాయి. తర్వాత అరికాళ్లు, చెవులు, ఛాతీ. మే 19న మళ్లీ ఆసుపత్రిలో చేర్చారు. జీవీహెచ్‌డీ, చర్మానికి మాత్రమే, అప్పటికి పేగులకు, కాలేయానికి పాకలేదు. నేను వెళ్లేసరికి వాడి చేతుల మీద చర్మం కాలినట్టుంది. అది చేసింది నా కణాలే. మార్చి 18న ఆ గదిలో విన్నది, మగపిల్లల తల్లినన్నది, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. అన్నయ్య సగం జతైనా ఇంతకన్నా నయమేమో అనిపించింది. నేను ఎవరికీ ఏమీ అనకుండానే డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచారు. ఎంతమంది దాతల ముఖాల్లో అది చూసి ఉంటారో.

ఆవిడ ఓదార్చలేదు, పాఠం చెప్పినట్టు చెప్పారు. 1979లో థామస్ గారి సియాటిల్ బృందం గమనించింది, జీవీహెచ్‌డీ వచ్చినవాళ్లలో ల్యుకేమియా తిరగబెట్టడం తక్కువని. ఒకే పోలిక కవల నుంచి కణాలు తీసుకుంటే ఈ తిరుగుబాటు దాదాపు రాదు, కానీ జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. అంటే కీమో ఒక్కటే జబ్బును నయం చేయడం లేదు, దాత కణాలు కూడా వెతికి చంపుతున్నాయి. చర్మాన్ని పరాయిదని పట్టుకున్న చూపే మిగిలిపోయిన ల్యుకేమియా కణాన్నీ పట్టుకుంటుంది. ఆ రెండింటినీ విడదీయడం ఎలాగన్నదే ఆవిడ ముప్పై ఏళ్ల పని. నా రెండు గొట్టాలు వెళ్లింది దానికే. "పూర్తిగా విడదీయగలిగారా?" అని అడిగాను. "ఇంకా లేదు" అన్నారు. ఆ నిజాయితీకే నాకు ధైర్యం వచ్చింది.

స్టెరాయిడ్లు మొదలుపెట్టిన ఐదో రోజుకి ఎరుపు తగ్గడం మొదలైంది. పన్నెండో రోజుకి చర్మం పొట్టులా రాలి, కింద కొత్తది కనిపించింది. వాడికి ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది, రాత్రిళ్లు నిద్ర పోయింది, చిన్న మాటకే కోపం. కోపం మందుదని మరదలికి ముందే చెప్పి ఉంటే ఆమె అంత ఏడ్చేది కాదు.

జూలై 20, వందో రోజు. మజ్జలో ల్యుకేమియా జాడ లేదు. రక్తం గ్రూపు కూడా మారుతోంది, వాడిది ఏ, నాది ఓ. ఇకపై వాడు చిన్నపిల్లల టీకాలు చాలావరకు మళ్లీ మొదటి నుంచి వేయించుకోవాలి. నాకు కూడా పరీక్ష చేశారు, అన్నీ మామూలుగా ఉన్నాయి. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోమన్నారు.

ఆగస్టు 26న సైక్లోస్పోరిన్ తగ్గించడం మొదలుపెట్టారు. ఇది తగ్గే కొద్దీ నా కణాలకు స్వేచ్ఛ పెరుగుతుంది. మళ్లీ ఎరుపు రావచ్చు. రాకపోనూ వచ్చు. ఎప్పుడైనా జబ్బు తల ఎత్తినట్టు కనిపిస్తే నా నుంచి లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) తీసుకుని ఎక్కించవచ్చని, అప్పుడు ఎముకలు నొప్పెట్టే ఆ సూదులు అక్కర్లేదని డాక్టరు గారు చెప్పారు. నా ఫోన్ నంబరు సరిగ్గా ఉందో లేదో ఫైల్లో చూసుకున్నారు. మార్చి 18న ఆ గదిలో అడిగిన ప్రశ్న ఈసారి ఎవరూ అడగలేదు. అడిగినా ఏడుపు వచ్చేది కాదు.

వచ్చే మంగళవారం మళ్లీ మందు లెవెల్ చూస్తారు. ఆ పరీక్ష ఉన్న రోజు ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. మొదటిసారి ఎవరూ చెప్పలేదు, వాడు వేసుకుని వెళ్లాడు, ఆ రోజంతా వృథా అయింది. సోమవారం రాత్రి ఫోన్ చేసి గుర్తుచేయడం ఇప్పుడు నా పని.